కడుపు చల్లన, వీపు వెచ్చన

పిల్లలూ!

ముందుగా ఒక పొడుపు కథ: కడుపులో చలికాలం, వీపు మీద ఎండాకాలం, నిలబడ్డ చోటు కదలదు, గుర్రుపెట్టడం మానదు. ఏమిటది?

మీలో చాలామంది ఈపాటికే విప్పేసి వుంటారు. రిఫ్రిజిరేటరు! దాని తలుపు తెరిస్తే ముఖానికి చల్లగాలి తగులుతుంది. కాని వెనక్కి వెళ్ళి చూసినవాళ్ళు మీలో ఎంతమంది? పాతరకం రిఫ్రిజిరేటరు వెనుక నల్లని గొట్టం పాములాగా అటూ ఇటూ మెలికలు తిరిగి, దానిమీద నిలువుగా సన్నని తీగలు అతికి కనిపిస్తుంది. దాన్ని తాకకుండా, కాస్త దూరంగా అరచెయ్యి వుంచండి. వెచ్చని సెగ తగులుతుంది. దాని పేరు కండెన్సరు. ఈ నెల మన పాఠం దాన్ని గురించే.

చల్లబరిచే యంత్రానికి ఈ వేడి ఎందుకు? దాన్ని తీసి పారేస్తే ఇంకా బాగా చల్లబడదా? ఈ ప్రశ్న నన్ను తరగతిలో ఎన్నోసార్లు పిల్లలు అడిగారు. మంచి ప్రశ్నే. జవాబు తెలియాలంటే రెండు చిన్న పరీక్షలు చెయ్యాలి.

మొదటి పరీక్ష: చేతులు శుభ్రం చేసుకునే శానిటైజరు ఒక చుక్క అరచేతి మీద వేసుకుని ఊదండి. చల్లగా వుంటుంది. ద్రవం ఆవిరి కావటానికి వేడి కావాలి. ఆ వేడిని అది మీ చేతినుంచే తీసుకున్నది. కుండలో నీళ్ళు చల్లబడటం కూడా ఇందువల్లనే.

రెండవ పరీక్ష: సైకిలు పంపుతో టైరుకు గాలి కొట్టి, పంపు అడుగుభాగాన్ని ముట్టుకుని చూడండి. వేడిగా వుంటుంది. గాలిని అదిమితే అది వేడెక్కుతుంది.

ఈ రెండు సంగతులతో పాటు మూడోదొకటి జ్ఞాపకం వుండాలి. కిందటి నెల మనం ప్రెషరు కుక్కరును గురించి చెప్పుకున్నాం గదా! ఒత్తిడి పెరిగితే నీళ్ళు 100 డిగ్రీల దగ్గర మరగవు. సుమారు 120 డిగ్రీల దాకా పోతాయి. అంటే, ఒత్తిడి పెంచితే ద్రవం మరిగే వేడిమి పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. రిఫ్రిజిరేటరు రహస్యమంతా ఈ మూడింటిలోనే వున్నది.

వేడిని తోడే యంత్రం

"చల్లదనం" అనే వస్తువు లోకంలో ఎక్కడా లేదు. వేడి తగ్గిపోవటాన్నే మనం చల్లబడటం అంటున్నాం. కాబట్టి రిఫ్రిజిరేటరు చల్లదనాన్ని తయారు చెయ్యదు. లోపలి వేడిని తోడి బయట పారబోస్తుంది. నూతిలో నీళ్ళు చేదతో తోడి గట్టుమీద పోసినట్టే! ఇక్కడ నుయ్యి పెట్టె లోపలి భాగం. గట్టు మన గది. చేద ఏమిటంటే, గొట్టాలలో తిరిగే ఒక ద్రవం. ఈనాటి ఇళ్ళలోని చాలా రిఫ్రిజిరేటర్లలో ఇది ఐసోబ్యూటేన్ అనే పదార్థం. మన వంటగ్యాసుకు ఇది దగ్గర చుట్టం. మామూలు గాలి ఒత్తిడిలో సున్నకు సుమారు 12 డిగ్రీలు దిగువనే మరిగిపోతుంది. ఒక్కొక్క పెట్టెలో వుండేది కొన్ని పదుల గ్రాములు మాత్రమే.

ఈ చేద చేసే ప్రయాణంలో నాలుగు మజిలీలు వున్నాయి.

మొదటిది, పెట్టె లోపలి గొట్టాలు. ఇక్కడ ఒత్తిడి తక్కువ. కనుక ద్రవం చలిలోనే మరిగి ఆవిరవుతుంది. అందుకు కావలసిన వేడిని పాలనుంచి, కూరలనుంచి, నీళ్ళ సీసాలనుంచి లాగుకుంటుంది. రెండవది, కంప్రెసరు. వెనుక అడుగున నల్లని గుండులాగా వుండి గుర్రుపెట్టేది ఇదే. ఇది ఆవిరిని పీల్చి, సైకిలు పంపు లాగా అదిమి, బాగా వేడెక్కించి పైకి పంపుతుంది. మూడవది, మన కథానాయకుడు కండెన్సరు. వేడెక్కిన ఆవిరి ఈ మెలికల గొట్టంలో తిరుగుతూ తన వేడిని గదిలోని గాలికి అప్పజెప్పి, మళ్ళీ ద్రవంగా మారుతుంది. నాలుగవది, వెంట్రుకలాంటి సన్నని రంధ్రం గల పొడుగాటి గొట్టం. దీనిలోగుండా దూరేసరికి ద్రవం ఒత్తిడి పడిపోతుంది. అది మళ్ళీ పెట్టె లోపలికి చేరి మరగటం మొదలు పెడుతుంది.

ఇప్పుడు చెప్పండి, కండెన్సరును తీసి పారేస్తే ఏమవుతుంది? చేద నీళ్ళతో పైకి వచ్చినా పారబొయ్యటానికి గట్టు వుండదు! నిండిన చేదను తిరిగి నూతిలో దించి ఏం లాభం? వీపు వెచ్చబడకపోతే కడుపు చల్లబడదు.

ఇంకొక చిక్కు ప్రశ్న. వేసవిలో తలుపులన్నీ మూసి, రిఫ్రిజిరేటరు తలుపు మాత్రం బార్లా తెరిచి పెడితే గది చల్లబడుతుందా? చల్లబడదు, కొంచెం వేడెక్కుతుంది. లోపలినుంచి తీసిన వేడి అంతా వెనుకనుంచి అదే గదిలోకి వస్తుంది. దానికి తోడు, కంప్రెసరు తిరగటానికి ఖర్చయిన విద్యుత్తు కూడా చివరకు వేడిగానే మారి అక్కడే చేరుతుంది.

మెలికలు ఎందుకు? తీగలు ఎందుకు?

వేడి అన్నం తొందరగా చల్లారాలంటే అమ్మ ఏం చేస్తుంది? గిన్నెలోంచి తీసి పళ్ళెంలో పలచగా పరుస్తుంది. గాలి తగిలే చోటు పెరిగితే వేడి తొందరగా పోతుంది. కండెన్సరు గొట్టాన్ని మెలికలు తిప్పటం కొద్దిచోటులో ఎక్కువ పొడుగు పట్టటానికి. దానిమీద తీగలు అతకటం గాలి తగిలే మేర ఇంకా పెంచటానికి. వెచ్చబడిన గాలి తేలికై పైకి పోతుంది. దాని చోటులోకి కిందనుంచి చల్లని గాలి వస్తుంది. పొగగొట్టంలో పొగ పైకి పోయినట్టు, గోడకూ కండెన్సరుకూ మధ్య గాలి ఎడతెరిపి లేకుండా పైకి సాగుతూ వుంటుంది. దీనికి పంకా అక్కరలేదు, ఖర్చూ లేదు. అక్కర వున్నదల్లా దారి మాత్రమే.

ఆ దారిని మూసేది ఎవరయ్యా అంటే, మనమే!

ఎక్కడ నిలపాలి?

ఇంట్లోకి కొత్తగా రిఫ్రిజిరేటరు వచ్చినప్పుడు పెద్దలు "ఈ మూల ఖాళీగా వున్నది గదా" అని అక్కడ ఇరికించేస్తారు. అప్పుడు మీరు ఈ సంగతులు చెప్పండి.

గోడకు ఆనించరాదు. వెనుక కనీసం బెత్తెడు జాగా వుండాలి. పక్కలా పైనా కూడా గాలి ఆడాలి. ఎంత జాగా కావాలో యంత్రంతో వచ్చిన పుస్తకంలో రాసి వుంటుంది, దానినే పాటించాలి. ఈమధ్య వచ్చే చాలా పెట్టెలకు వెనుక గొట్టాలు కనిపించవు. ఐతే కండెన్సరు లేదని కాదు. రెండు పక్కల రేకుల వెనుక దాచారు. పక్కలు వెచ్చగా వుంటే చెడిపోయిందని కంగారుపడకండి. అది వేడిని పారబోస్తున్నది. అటువంటి పెట్టెను రెండు బీరువాల మధ్య బిగించరాదు.

పొయ్యి పక్కన, ఎండ పడే కిటికీ ఎదుట పెట్టరాదు. వేడి ఎప్పుడూ ఎక్కువ వేడి వున్న చోటునుంచి తక్కువ వున్న చోటుకే తనంత తానుగా ప్రవహిస్తుంది. గది 30 డిగ్రీలు వుంటే కండెన్సరు అంతకంటె వేడిగా వుంటే చాలు. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో గది 42 డిగ్రీలు చేరిందనుకోండి. కండెన్సరు దానినీ మించాలి. అందుకు కంప్రెసరు ఆవిరిని ఇంకా గట్టిగా అదమాలి. ఎక్కువసేపు తిరగాలి, ఎక్కువ విద్యుత్తు తాగాలి. చుట్టుపక్కల వేడి పెరిగిన కొద్దీ చేద తోడవలసిన నుయ్యి లోతు పెరుగుతుందన్నమాట.

ఊరు మారేటప్పుడు పెట్టెను నిలువుగానే తీసుకుపోవాలి. పడుకోబెడితే కంప్రెసరులోని నూనె గొట్టాలలోకి జారుతుంది. తప్పనిసరై పడుకోబెట్టి తెచ్చినట్లయితే, నిలబెట్టి కొన్ని గంటలు ఆగిన తరువాతనే మీట వెయ్యాలి. నేలమీద కదలకుండా నాలుగు కాళ్ళూ ఆనాలి. ముందు కాళ్ళు రవంత ఎత్తుగా వుంటే తలుపు తనంత తానే మూసుకుంటుంది. మూడు ముళ్ళ ప్లగ్గులో ఎర్తు తీగ సరిగా వున్నదో లేదో విద్యుత్తు పనివాడిచేత చూపించాలి.

కరెంటు పోయి వెంటనే వస్తే కొన్ని నిమిషాలు ఆగి మీట వెయ్యటం మంచిది. ఆగినప్పుడు కండెన్సరు వైపు ఒత్తిడి ఎక్కువగా వుంటుంది. సన్నని గొట్టం గుండా మెల్లగా రెండు వైపులా సమానం కావటానికి కొంతసేపు పడుతుంది. అంతలోనే తిరగమంటే, కంప్రెసరుకు అది బరువు దించుకోకుండా మళ్ళీ కొండ ఎక్కమన్నట్టే.

దుమ్ము అనే దుప్పటి

ఇంకొక పరీక్ష చెయ్యండి. ఇందుకు పెద్దవాళ్ళ సాయం కావాలి. ఒకేరకం స్టీలు గ్లాసులు రెండింటిలో సమానంగా వేడినీళ్ళు పోయించి మూతలు పెట్టండి. ఒకదాని చుట్టూ మందంగా దూది చుట్టండి. అరగంట తరువాత రెండింటినీ పోల్చి చూడండి. దూది చుట్టిన గ్లాసులో వేడి ఎక్కువ నిలుస్తుంది. కండెన్సరు మీద పేరుకునే దుమ్ము, నూలుపోగులు, వంటింటి నూనెజిడ్డు కలిసి సరిగా ఇటువంటి దుప్పటినే తయారు చేస్తాయి. చలికాలంలో దుప్పటి మనకు సుఖమే; వేడి వదిలించుకోవలసినవాడికి అదే శిక్ష.

ఒక సంగతి చెబుతాను. మా వీధిలో ఒక ఇంట్లో కిందటి వేసవిలో పాలు సాయంత్రానికే విరిగిపోవటం మొదలు పెట్టాయి. కంప్రెసరు ఆగకుండా తిరుగుతున్నది గాని లోపల చలి లేదు. పాలతో పోతే సరేననుకోవచ్చు. ఆ పెట్టెలోనే నాయనమ్మగారి ఇన్సులిన్ సీసాలు వున్నాయి. వాడకానికి తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య వుంచాలి. వేడెక్కితే దాని శక్తి తగ్గుతుంది. పైకి చూస్తే మాత్రం ఏమీ తెలియదు. "గ్యాసు అయిపోయి వుంటుంది, వేలల్లో ఖర్చు" అని తండ్రి దిగులుపడ్డాడు. ఆయన కూతురు ఏడవ తరగతి చదువుతున్నది. ఆ పిల్ల వెనక్కి తొంగి చూసి, "నాన్నా! మసిగుడ్డలు ఇక్కడ ఎందుకు ఆరేశారు?" అన్నది.

చూస్తే ఏమున్నది! వెచ్చగా వుంటుంది కనుక తడిగుడ్డలు తొందరగా ఆరుతాయని కండెన్సరు మీద నాలుగు గుడ్డలు వేలాడదీశారు. వాటి వెనుక తీగలు కనిపించనంత బూజు. పెట్టె గోడకు అతుక్కుని వున్నది. తండ్రి ప్లగ్గు తీసి, పెట్టెను ముందుకు జరిపి, మెత్తని బ్రష్షుతో అంతా దులిపాడు. గుడ్డలకు వేరే దండెం కట్టారు. ఆ రాత్రి ఒక గ్లాసు నీళ్ళలో థర్మామీటరు వుంచి లోపల పెట్టారు. తెల్లవారి చూస్తే 5 డిగ్రీలు! ఐతే, వేడి తగిలిన పాత ఇన్సులిన్‌ను వాళ్ళు వాడలేదు. డాక్టరుగారిని అడిగి, ఆయన సలహా ప్రకారం కొత్తది తెచ్చారు. అదీ తెలివైన పని.

పిల్ల చేసిందల్లా వెనక్కి తొంగి చూడటమే. ఇంట్లో అందరూ రోజూ ముందు తలుపు తెరుస్తున్నారు; వెనుక సంగతి ఎవరికీ పట్టలేదు.

శుభ్రం చేసే పద్ధతి

ఏడాదికి రెండుసార్లు చాలు. ఉగాదికి ఇల్లు దులిపేటప్పుడు ఒకసారి చేస్తే వేసవికి యంత్రం సిద్ధంగా వుంటుంది; దసరాకు రెండవసారి. ఇది పెద్దలు చెయ్యవలసిన పని; మీరు పక్కన వుండి జ్ఞాపకం చెయ్యండి.

మీట ఆపటం కాదు, ప్లగ్గు పూర్తిగా ఊడదియ్యాలి. గొట్టాలు చల్లారేదాకా ఆగాలి. పెట్టెను మెల్లగా ముందుకు జరపాలి. పొడి బ్రష్షుతో పైనుంచి కిందికి, తీగల వెంబడి దులపాలి. జిడ్డు వుంటే తడి పిండేసిన గుడ్డతో తుడవాలి. నీళ్ళు చల్లరాదు. కత్తితోగాని మేకుతోగాని గీకరాదు. గొట్టం వంగకూడదు, అతుకు కదలకూడదు. కింద నేలమీద రాలిన దుమ్ము కూడా ఊడ్చెయ్యాలి. లేకపోతే కిందనుంచి వచ్చే గాలితో అదే మళ్ళీ పైకెక్కుతుంది.

అదే సమయంలో కంప్రెసరు మీద వుండే చిన్న ట్రేను చూడండి. లోపల కరిగిన మంచునీరు అందులో చేరి ఆ వేడికి ఆరిపోతుంది. వానాకాలంలో పూర్తిగా ఆరకపోతే డెంగీ జ్వరాన్ని తెచ్చే దోమ అందులో గుడ్లు పెడుతుంది. కనుక ట్రేను మాత్రం వారానికి ఒకసారి పారబోసి తుడిపించాలి.

లోపల మంచు గడ్డకట్టితే కూడా కత్తితో పొడవరాదు. గొట్టానికి చిల్లి పడితే ద్రవం కాస్తా గాలిలో కలిసిపోతుంది. ఐసోబ్యూటేన్ మండే వాయువు. పొరపాటున చిల్లి పడితే కిటికీలు తెరవాలి. అగ్గిపుల్ల గియ్యరాదు, దగ్గరలోని మీటలు ముట్టరాదు, మెకానిక్కును పిలవాలి. శుభ్రం చేసినా చల్లబడకపోతే అప్పుడు కూడా అతనికే కబురు చెయ్యాలి. గొట్టాలు కోసి అతికే పని నేర్చినవాళ్ళదే గాని మనది కాదు.

ఇది ఇంటితో ఆగిపోయే సంగతి కాదు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో పసిపిల్లల టీకాలు దాచే పెట్టెలకూ కండెన్సర్లు వున్నాయి. చాలా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యనే వుండాలి. అక్కడి ఉద్యోగులు రోజుకు రెండుసార్లు వేడిమి చూసి పుస్తకంలో రాస్తారు. ఏసీ యంత్రం బయట వుండే పెట్టెలోనిదీ కండెన్సరే. దాని అల్యూమినియం రెక్కలు కాగితంలా పలచన. వంగితే గాలిదారి మూసుకుపోతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలి వాటిని తొందరగా తినేస్తుంది. అందుకని అక్కడ మరింత తరచుగా కడిగించాలి.

కొంచెం చరిత్ర

యంత్రాలు రాకముందు మంచుగడ్డ ఓడ ఎక్కి వచ్చేది! 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఒక ఓడ 180 టన్నుల మంచుతో బయలుదేరి, నాలుగు నెలలకు కలకత్తా చేరింది. దారిలో కరిగింది పోగా సుమారు 100 టన్నులు మిగిలింది. ఆ వ్యాపారి పేరు ఫ్రెడరిక్ ట్యూడర్. ఆయన మంచును నిలవ చెయ్యటానికి మద్రాసు సముద్రతీరాన 1842లో కట్టిన "ఐస్ హౌస్" నేటికీ వున్నది. దాన్ని ఇప్పుడు వివేకానంద భవనం అంటారు. మద్రాసు వెళ్ళినప్పుడు చూడండి.

ద్రవం ఆవిరైతే చలి పుడుతుందని స్కాట్లండులో విలియం కల్లెన్ పద్దెనిమిదవ శతాబ్దంలోనే చూపించాడు. వాయువును అదిమి ద్రవంగా మార్చవచ్చునని మైకేల్ ఫారడే 1823లో నిరూపించాడు. ఈ రెండింటినీ జోడించి, ఒకే ద్రవం మళ్ళీ మళ్ళీ తిరిగే యంత్రానికి 1834లో లండనులో జేకబ్ పెర్కిన్స్ పేటెంటు పుచ్చుకున్నాడు. అందులోనూ ఆవిరిని తిరిగి ద్రవంగా మార్చే గొట్టం వున్నది. మన కండెన్సరుకు అది ముత్తాత. 1927లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వారి పెట్టెకు కండెన్సరు నెత్తిమీద గుండ్రని కిరీటంలాగా వుండేది.

ఆ రోజులలో గొట్టాలలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడు వంటి విషవాయువులు వాడేవారు. తరువాత విషంలేని, మండని ఫ్రియాన్ వచ్చింది. అందరూ సంతోషించారు. కాని అటువంటి వాయువులు పైకి పోయి, సూర్యుడి హానికిరణాలనుంచి మనను కాపాడే ఓజోను పొరను కొరుకుతాయని మోలినా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు 1974లో చెప్పారు. 1987లో మాంట్రియల్ నగరంలో దేశాలు ఒప్పందం చేసుకుని వాటిని క్రమంగా మానుకున్నాయి. వంటింటి వెనుక గొట్టంలో వున్నది కూడా ఆకాశం సంగతే అని దీనివల్ల తెలుస్తున్నది.

కనుక పిల్లలూ, ఈ ఆదివారం అమ్మానాన్నలతో కలిసి మీ ఇంటి రిఫ్రిజిరేటరు వీపు పరీక్షించండి. జాగా ఎంత వున్నదో కొలవండి. లోపలి వేడిమి రాసుకోండి. దులిపిన తరువాత మళ్ళీ రాసుకుని పోల్చండి. ఇంట్లో రిఫ్రిజిరేటరు లేనివాళ్ళు వీధి చివర కూల్‌డ్రింకుల అంగడివారిని అడిగి, వారి పెట్టెకు కండెన్సరు ఎక్కడున్నదో కనుక్కోండి.

వచ్చే నెలకు ప్రశ్న: రిఫ్రిజిరేటరులో నీళ్ళ సీసా తీసి బయటపెడితే దానికి చెమట పడుతుంది. ఆ నీరు సీసాలోనుంచి వచ్చిందా, గాలిలోనుంచి వచ్చిందా? ఎలా రుజువు చేస్తారు? బాగా ఆలోచించండి. జవాబు "కండెన్సరు" అనే పేరులోనే వున్నది!